లేచి కూర్చున్నాడని వదిలేయొద్దు

మాది దేవరకద్రలో మెడికల్ షాపు. వచ్చేవాళ్లలో సగం మంది బీపీ, షుగర్ గోళీల కోసమే వస్తారు. "షుగర్ ఎంతుంది పెద్దమ్మా?" అని అడిగితే "మూడొందలకు పోయింది బిడ్డా" అని భయం భయంగా చెప్తారు. పెరిగిందంటే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, చుట్టాలకూ తెలుస్తుంది, తలా ఒక కషాయం చెప్తారు. డౌన్ అయిన సంగతి మాత్రం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటికి రాదు. "అప్పుడప్పుడు తెల్లారుజామున ఒళ్లంతా చెమటలు పడ్తయి, చేతులు వణుకుతయి, ఇంత తింటే సర్దుకుంటది" అని తేలిగ్గా అనేసి పైసలిచ్చి వెళ్లిపోతారు. నాకు టెన్షన్ మొదలయ్యేది ఆ మాట దగ్గరే. మూడొందలు ఉన్న మనిషికి చాలాసార్లు డాక్టర్ దగ్గరికి పోయేంత టైము ఉంటుంది. నలభైకి పడిన మనిషికి ఉండదు.

పోయిన పత్తి సీజన్‌లో మా మామకు ఇదే జరిగింది. ఇది రాయమని మా ఆయన అప్పటి నుంచి అంటూనే ఉన్నాడు. మామ కూడా ఒప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను.

మామకు డెబ్బై దాటాయి. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోళీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేవారు. ఆ మధ్య పరగడుపున చూస్తే ఎప్పుడూ తొంభై లోపే వస్తోందని ఆయనకు చాలా సంతోషంగా ఉండేది. రాత్రి పూట జొన్నరొట్టె తినడం వల్లే తగ్గిందని నమ్మకం. పత్తి ఏరే రోజుల్లో ఒకసారి విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో ఒకాయన సూది వేసి నాలుగు గోళీలు ఇచ్చాడు. వాటిలో ఓఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. తెల్లారి నీరసంగానే ఉన్నా, కూలీలు వచ్చారని షుగర్ గోళీ వేసుకుని, చాయ్ తాగి చేనుకు బయల్దేరారు. అత్తమ్మ బువ్వ తిని పొమ్మంటే "వచ్చి తింటలే" అన్నారట.

మధ్యాహ్నం మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, నాయన ఎవర్నో తిడ్తున్నడు. నన్ను గుర్తు పడ్తలేడు. అంగీ అంత తడిసి ముద్దయింది." పక్కన ఎవరో "కల్లు ఎక్కువైంది, పండబెట్టుండ్రి" అంటున్న మాట ఫోన్లో నాకే వినపడింది. నేను ముందు ఒక్కటే అడిగాను, నీళ్లిస్తే మింగుతున్నారా అని. మింగుతున్నారన్నాడు. అయితే కూర్చోబెట్టి చక్కెర నీళ్లు తాగించు, సగం గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర, ఒక్కసారి పోయకు, కొంచెం కొంచెం తాగించు అని చెప్పాను. కూలీల చాయ్ కోసం తెచ్చిన చక్కెర పొట్లం గట్టు మీదే ఉంది. అది మా అదృష్టం.

నేను షాపులో ఉన్న గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి డబ్బా తీసుకుని చేను చేరేసరికి మామ సగం తేరుకున్నారు. వేలు గుచ్చి చూస్తే 58. అది చక్కెర నీళ్లు తాగిన తర్వాతి లెక్క. అంతకు ముందు ఎంతుందో ఊహించుకోవాల్సిందే. గ్లూకోజ్ నీళ్లు కలిపి ఇచ్చాను. పావుగంట ఆగి చూస్తే 96. "ఏం గాలే బిడ్డా, ఎండకు కండ్లు తిరిగినయ్, గంతే" అన్నారు. సద్దిలో ఉన్న రెండు రొట్టెలు, పప్పు తినిపించాం. అందరి మొహాలూ తేటపడ్డాయి. అత్తమ్మ అప్పటికప్పుడు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. ఇంటికి పోయి కాసేపు పడుకుంటానన్నారు మామ.

అక్కడ నేను పట్టుబట్టాను. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోవాల్సిందే అన్నాను. ఎవరికీ నచ్చలేదు. తూకం పనులున్నాయి, పత్తి బండి రావాలి. "మీటర్ నువ్వే చూసినవ్ గదా వదినా, తొంభై ఆరుంది, ఇంకేంది?" అన్నాడు మరిది. అతని మాటలో తప్పేం లేదు, మీటర్ చూసిన ఎవరైనా అదే అంటారు. కానీ ఆ గోళీ సంగతి నాకు తెలుసు. కోపం తెచ్చుకునైనా సరే కారెక్కించాం.

క్యాజువాలిటీలో పేరు రాయిస్తుండగా మామ మాట తడబడింది. మెడ వెనక మళ్లీ చెమట. నర్సమ్మ వేలు గుచ్చితే 41. కొన్ని గంటల కిందట తొంభై ఆరు ఉన్న మనిషి, రెండు రొట్టెలు తిన్న మనిషి. ఇంట్లో మంచం మీద ఉండుంటే పొద్దుటి నుంచి అలసిపోయాడు, లేపకండి అని తలుపు దగ్గరగా వేసేవాళ్లం.

ఇరవై ఐదు శాతం గ్లూకోజ్ వంద మిల్లీలీటర్లు నరానికి ఎక్కించారు. తర్వాత పది శాతం గ్లూకోజ్ డ్రిప్ పెట్టి గంట గంటకూ చూశారు. రాత్రి డ్రిప్ వేగం తగ్గించగానే మళ్లీ అరవైకి దిగింది. రక్త పరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1 వచ్చింది, అంటే అవి సరిగా పనిచేయడం లేదు.

ఎందుకిలా జరిగిందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన దగ్గర వాడే గోళీల్లో ఈ రకం చాలా ఎక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అన్నీ ఒకే కుటుంబం. ఇవి క్లోమాన్ని తట్టి లేపి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. రక్తంలో షుగర్ ఎంతుంది, ఈ మనిషి తిన్నాడా లేదా అని అవి చూడవు. గ్లిమిపిరైడ్ ఒక్కసారి వేసుకుంటే ఒక రోజంతా పనిచేస్తుంది. మూత్రపిండాలు దెబ్బతింటే దాని నుంచి పుట్టే పదార్థాలు బయటికి పోవడం ఆలస్యమై ఇంకా ఎక్కువసేపు ఒంట్లో ఉంటాయి. మనం చక్కెర నీళ్లు తాగించగానే షుగర్ పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి, ముందే గోళీ ప్రభావంలో ఉన్న క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ వదులుతుంది. దాంతో మళ్లీ పడుతుంది. ఇన్సులిన్ విడుదలనే ఆపడానికి ఆక్ట్రియోటైడ్ అనే ఇంజెక్షన్ కూడా కొందరికి ఇస్తారు. అందుకే ఈ గోళీల వల్ల స్పృహ తప్పినవాళ్లను, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టలేని దాకా పోయినవాళ్లను కనీసం ఒక రోజు దవాఖానలో ఉంచి చూడాలంటారు. లేచి కూర్చుని, నవ్వి, రొట్టె తిన్నా సరే.

మామ విషయంలో నాలుగు కారణాలు ఒక్కటయ్యాయి. గోళీ వేసుకుని తినలేదు. విరేచనాలతో ఒంట్లో నీరు పోయింది, దాంతో అప్పటికే నీరసించిన మూత్రపిండాలు ఇంకా మొరాయించాయి. చేనులో పని. నాలుగోది ఓఫ్లాక్సాసిన్. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కూడా ఇదే జాతి. షుగర్ గోళీలు వాడేవాళ్లలో, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్లలో ఈ యాంటీబయాటిక్స్ షుగర్‌ను బాగా దించేయగలవు, కోమా దాకా పోవచ్చు అని అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరిక గట్టిగా చేసింది. ఈ జాతిదే గాటిఫ్లాక్సాసిన్ అని ఇంకోటి ఉండేది. షుగర్‌ను తలకిందులు చేస్తుందని మన దేశంలో ఆ గోళీని 2011లో నిషేధించారు. మా షాపుకొచ్చి "విరేచనాలకు గోళీ ఇవ్వక్కా" అనేవాళ్లను ముందు షుగర్ ఉందా అని అడిగేది అందుకే. విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

పరగడుపు షుగర్ తొంభై లోపు వస్తోందని మామ సంతోషపడ్డారని చెప్పాను కదా. దాని వెనక ఉన్నది జొన్నరొట్టె కాదు, మూత్రపిండాలు. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో వాటికీ పెద్ద వాటా ఉంది. అవి నెమ్మదిస్తే ఇన్సులిన్ ఎక్కువసేపు ఉండిపోతుంది, షుగర్ దానంతటదే తగ్గుతున్నట్టు కనపడుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న మనిషికి, గోళీలు మార్చకుండా, తిండి మార్చకుండా ఉన్నట్టుండి షుగర్ బాగా తగ్గుతోందంటే సంబరపడే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఈ ఒక్క మాట పాలమూరు జిల్లాలో ఇంటింటికీ చేరాలని నా కోరిక.

ఇంకో తిప్పలు మన ప్రాంతానిది. మక్తల్ వైపు వాళ్లు రాయచూరు పోతారు, అలంపూర్, గద్వాల వాళ్లు కర్నూలు పోతారు, మిగతావాళ్లు మహబూబ్‌నగర్, కాకపోతే హైదరాబాద్. ఊళ్లో సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చే గోళీలు వేరే. ఒక పెద్దాయన సంచి నిండా స్ట్రిప్పులు తెచ్చి కౌంటర్ మీద కుప్ప పోశాడు. రాయచూరు డాక్టర్ రాసినది ఒక పేరు, ఇక్కడ రాసినది ఇంకో పేరు. ఒకటి తెల్ల రేకు, ఒకటి ఎర్ర రేకు. వెనక చిన్న అక్షరాల్లో చూస్తే రెండింటిలోనూ గ్లిమిపిరైడే. రెండు నెలలుగా రెండూ వేసుకుంటున్నాడు. "ఒకటి షుగర్‌ది, ఒకటి తిమ్మిర్లది అన్నరు" అంటాడు. స్ట్రిప్పు మీద పెద్దగా ఉండేది కంపెనీ పెట్టిన పేరు, మందు పేరు దాని కింద సన్నగా ఉంటుంది. చాలా బ్రాండ్లలో పేరు చివర 1 అనో 2 అనో ఉంటుంది, అది గ్లిమిపిరైడ్ ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే అంకె. ఒకటి బదులు రెండు తీసుకుపోతే డోసు రెట్టింపైనట్టే. గ్లిబెన్‌క్లమైడ్ పేరు కనపడితే మాత్రం, అరవై దాటినవాళ్లు డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే అది అరవై దాటినవాళ్లకు తగదని రాసి ఉంది.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ ఇలా పడిపోవడం అరుదు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ లాంటివీ ఒంటరిగా ఇంత పని చేయవు. కాబట్టి ఇది చదివి భయపడి అన్ని గోళీలూ ఆపేయకండి. మీ స్ట్రిప్పులో ఏముందో తెలుసుకోండి, అంతే.

ఇన్సులిన్ వాడేవాళ్లకు సూది దగ్గర ప్రమాదం ఉంది. మన దేశంలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లది కూడా దొరుకుతుంది, దానికి నారింజ రంగు మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. "ఏదో ఒక సూది ఇవ్వక్కా, బస్సొచ్చింది" అని తొందరపెట్టినా సరే, సీసా చూపించందే నేను సిరంజి ఇవ్వను.

షుగర్ డౌన్ అయిన మనిషిని చూసి జనం ఏమనుకుంటారో అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. తాగాడనుకుంటారు. మత్తుమందు కలిపిన కల్లు పాలమూరుకు కొత్త కాదు కాబట్టి, బస్టాండులో ఒక మనిషి తూలుతుంటే ఎవరూ దగ్గరికి పోరు. నిజంగా తాగి ఉన్నా సరే, పరగడుపున తాగితే కాలేయం షుగర్ తయారు చేసే పని ఆపేస్తుంది, అప్పుడు ఇంకా తొందరగా పడుతుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడతారు. ఊరికే తిడుతుంటే, ఏడుస్తుంటే గాలి సోకిందని మంత్రించేవాడి దగ్గరికి తీసుకుపోతారు. కొందరికి ఒక పక్క చేయి, కాలు పడిపోయి అచ్చం పక్షవాతంలా ఉంటుంది. గ్లూకోజ్ ఎక్కగానే చేయి లేస్తుంది. అందుకే పక్షవాతం అని తెచ్చిన మనిషికి కూడా డాక్టర్లు మొదట వేలు గుచ్చి చూస్తారు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ గోళీలు వాడేవాళ్లకు వణుకు, గుండె దడ తెలియవు, చెమట మాత్రం పడుతుంది. చాలా ఏళ్ల నుంచి షుగర్ ఉన్నవాళ్లలో ఒంటికే ఆ హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. రాత్రి పూట అయితే పీడకలలు, తడిసిన దుప్పటి, పొద్దున లేవగానే తలనొప్పి, ఇవే గుర్తులు.

70 కంటే తగ్గితే డౌన్ అయినట్టు. 54 కంటే తగ్గితే ప్రమాదం. అంకె ఎంతున్నా, తనంతట తాను చక్కెర తీసుకోలేక పక్కమనిషి సాయం కావాల్సి వస్తే అది ఎమర్జెన్సీ. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలిపి ఇవ్వాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి, తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. సర్దుకున్నాక బువ్వో రొట్టెనో పెట్టాలి. ముందే రొట్టె, చాక్లెట్ ఇస్తే అవి అరిగి రక్తంలోకి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఓగ్లిబోస్ కలిసిన గోళీలు మన దగ్గర బాగా వాడతారు. అది పేగుల్లో మామూలు చక్కెర విడిపోకుండా ఆపుతుంది. ఆ గోళీ వాడేవాళ్లకు చక్కెర నీళ్లు సరిగా పనిచేయవు, గ్లూకోజ్ పొడే కావాలి. ఓగ్లిబోస్‌తో సహా మూడు మందులు కలిసిన గోళీ వేసుకునే ప్రతివాళ్ల చేతిలో నేను స్ట్రిప్పుతో పాటు ఒక చిన్న గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టేది అందుకే.

స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు. చక్కెర నీళ్లు కాదు, కొబ్బరి నీళ్లు కాదు, తేనె కూడా వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, షుగర్ పేషెంట్ అని మొదటి మాటగా చెప్పండి. వేసుకునే గోళీల స్ట్రిప్పులన్నీ వెంట పట్టుకుపోండి. గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ కండకు వేయొచ్చు గానీ మా లాంటి చిన్న టౌన్లలో అది దొరకడం కష్టం. అందుకే దారిలో టైము పోగొట్టొద్దు. "షుగర్ ఉన్నోళ్లకు గ్లూకోజ్ ఎక్కిస్తే చచ్చిపోతరు" అని ఊళ్లో ఎవరైనా అడ్డుపడితే దయచేసి వినకండి. షుగర్ పడిపోయిన మనిషికి ఉత్త సెలైన్ పెట్టి కూర్చుంటే అందులో షుగర్ చుక్క కూడా ఉండదు. ఆ ఆలస్యానికి మెదడు దెబ్బతింటుంది.

డిశ్చార్జ్ చేసేటప్పుడు మామకు గ్లిమిపిరైడ్ పూర్తిగా ఆపేసి లినాగ్లిప్టిన్ రాశారు. మూత్రపిండాలు బాగా లేకపోయినా దాని డోసు మార్చాల్సిన పని లేదు. ఇప్పుడు పరగడుపున నూట ముప్పై, నూట నలభై వస్తోంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఏడున్నర శాతం దాటింది. మామకు దిగులు. ఆ వయసులో, మూత్రపిండాలు బాగా లేని మనిషికి ఎనిమిది లోపు ఉంటే చాలని డాక్టర్ గారు చెప్పారు, నేనూ అదే చెప్తున్నాను. ఈ మూడు నెలల షుగర్‌ను ఆరు లోపుకి దించాలని అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా మీద అకార్డ్ అనే పెద్ద పరిశోధన చేశారు. గట్టిగా దించిన గుంపులో చావులు ఎక్కువయ్యాయని 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. షుగర్ డౌన్ అవడం కూడా ఆ గుంపులోనే చాలా ఎక్కువ. అందరికీ ఒకే అంకె సరిపోదు. పాతికేళ్ల మనిషికి పెట్టిన అంకె డెబ్బై ఏళ్ల మనిషికి పెడితే ఎలా?

దీపావళి దాటితే కురుమూర్తి జాతర. మా షాపు ముందు నుంచే జనం నడుచుకుంటూ పోతారు. కార్తీక సోమవారాలు ఒక్కపొద్దులుండేవాళ్లూ ఎక్కువే. రంజాన్‌లో రోజా ఉండే మా వీధి అన్నలకూ నేను ఇదే చెప్తాను. పొద్దు విడువమని, రోజా మానుకోమని ఎవరికీ చెప్పను, అది వాళ్ల భక్తి. కానీ గ్లిమిపిరైడ్ లాంటిది తిండితో పాటు వేసుకోవాల్సిన మందు. తినని పూట దాన్ని ఏం చేయాలి, ఇన్సులిన్ ఎంత తగ్గించాలి అని పది రోజుల ముందే డాక్టర్‌ను అడిగి చీటీ మీద రాయించుకోండి. నడిచేటప్పుడు జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టుకోండి, పక్కన నడిచే మనిషికి మీకు షుగర్ ఉందని చెప్పండి.

దేవరకద్ర మీదుగా పోయేవాళ్లు ఎవరైనా సరే, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, అన్ని దవాఖానల చీటీలూ ఒక సంచిలో వేసుకుని రండి. ఒకే మందు రెండు పేర్లతో ఉందేమో చూసి చెప్తాను. అలా ఉంటే డాక్టర్‌కు చూపించడానికి కాగితం మీద రాసిస్తాను. ఏమీ కొనక్కర్లేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గిరాకీ తక్కువుంటుంది, నిమ్మళంగా కూర్చుని చూడొచ్చు.